డిస్కుకు మేలుకొలుపు

ఆ పళ్ల ఆసుపత్రికి పొద్దున్నే అందరికంటే ముందు రావలసింది డాక్టరుగారు కాదు, రిజిస్టరు రాసే పిల్ల. రోగుల ఎక్స్‌రేలన్నీ కంప్యూటర్లోని రెండో డిస్కులో ఉంటాయి. ఆ కంప్యూటర్ను నడిపే లినక్స్ తనంతట తాను లేస్తుంది గానీ, ఆ డిస్కుగారిని మాత్రం ఎవరో ఒకరు చెయ్యిపట్టి తీసుకురావాలి. రోజూ పిల్ల నల్లటి తెరమీద ఒక ఆజ్ఞ కొడితేనే అది తగులుకుంటుంది. దాన్నే మౌంట్ చెయ్యడం అంటారు. మూడేళ్లుగా ఆ సేవకు ఒక్కరోజు సెలవు లేదు.

పిల్ల అక్కకు శుక్రవారం ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామన్నారు. పక్కన ఉండడానికి చెల్లెలు తప్ప ఇంకో మనిషి లేదు. పిల్ల సెలవడిగింది.

"వెళ్లమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నారు డాక్టరుగారు ఎంతో దయగా. "మరి డిస్కునెవరు తగిలిస్తారు? ఏ పన్ను పీకాలో చీటీలు వేసుకోమంటావా?"

"ఆజ్ఞ కాగితంమీద రాసిస్తానండి."

"నేను అక్షరాలు వెతుక్కునేసరికి రోగికి కొత్త పళ్లొస్తాయి."

పిల్ల కాంపౌండరు బాబాయ్ వైపు చూసింది.

"నావైపు చూడకు తల్లీ," అన్నాడాయన. "నా మాట టీవీ రిమోటే వినదు."

బుధవారమంతా చదివి పిల్ల అసలు సంగతి కనిపెట్టింది. కంప్యూటర్ లేస్తూనే ఎఫ్‌స్టాబ్ అనే జాబితా చదువుకుంటుంది. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో అందులో రాసిపెడితే చాలు. మూడేళ్ల చాకిరీకి మందు ఒక్క లైను. రోజూ వాడే పేరే, 'ఎస్‌డీబీ' అని, రాసి పరీక్షించింది. డిస్కు బుద్ధిగా తగులుకుంది.

గురువారం ఆ వింత చూడాలని, చరిత్రలో మొదటిసారి, డాక్టరుగారు అందరికంటే ముందు వచ్చారు. ఊరికే కూర్చోలేక తన పాటల పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆపైన స్విచ్ వేశారు. కంప్యూటర్ సగం లేచి, అత్యవసర పరిస్థితి అంటూ నల్లమొహం పెట్టింది.

"నేనేం ముట్టుకోలేదు," అన్నారు డాక్టరుగారు, పిల్ల లోపలికి రాగానే, ఎవరూ అడక్కముందే.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. పిల్ల కంప్యూటర్ వెనకవైపు చూస్తే పెన్‌డ్రైవ్ మినుకుమినుకుమంటోంది. ఎస్‌డీబీ లాంటి పేర్లు మనుషుల పేర్లలాంటివి కావు, వరసలో కుర్చీల్లాంటివి. పాటలు ముందొచ్చి రెండో కుర్చీలో కూర్చుంటే, ఎక్స్‌రేలు మూడో కుర్చీకి జరిగాయి.

"ఇక సెలవు సంగతి..." అంటూ డాక్టరుగారు నిట్టూర్చారు, తప్పు పిల్లదే అన్నట్టు.

ఆమె జాబితా తెరిచింది. అందులో పేరు చెరిపేసి, ఎక్కడ కూర్చున్నా మారని ఆ డిస్కు సొంత గుర్తింపు సంఖ్య, బారెడుంటుంది, ఒక్కో అక్షరం సరిచూసి రాసింది. ఎప్పుడైనా డిస్కు దొరక్కపోతే కంప్యూటర్ అక్కడే కూలబడకుండా ఇంకో మాట చేర్చింది. పెన్‌డ్రైవ్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి కంప్యూటర్ను ఆపి లేపింది. రెండుసార్లూ ఎక్స్‌రేలు వచ్చి కూర్చున్నాయి.

"ఇదింత తేలికా?" అన్నాడు బాబాయ్. "మూడేళ్లు ఎందుకు చేశావమ్మా మరి?"

"సెలవు అడగలేదుగా బాబాయ్."

శుక్రవారం ఆపరేషన్ గది బయట ఆమె ఫోన్ మోగింది. డాక్టరుగారు.

"అమ్మాయ్, డిస్కు దానంతటదే వచ్చేసింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"రోగుల్ని చూడండి సార్," అని పెట్టేసింది. లోపల బిడ్డ ఏడుపు వినబడుతోంది.