గుడ్డ కప్పిన రొట్టె

రత్నకుమారిగారు ప్రార్థన మొదలుపెట్టారంటే ఆ ఇంట్లో ఏదో ఒకటి మాడాల్సిందే. ఆవిడ చెబితే తప్ప దేవుడికి తెలియని సంగతులు చాలా ఉంటాయి మరి. గద్వాలలో చెల్లెలు మీనాక్షి మోకాలి నొప్పి దగ్గర మొదలై, వనపర్తిలో ఎవరి కొడుక్కో రావలసిన ఉద్యోగం మీదుగా, రాజ్యాలేలే వాళ్ళందరికీ బుద్ధి ప్రసాదించమని అడిగి, ఆ ప్రార్థన జర్మనీలో వాళ్ళుండే కార్ల్స్‌రూహె చేరేసరికి ఉల్లిపాయలు బంగారు రంగు దాటి బొగ్గు రంగులోకి వెళ్ళిపోతాయి. అందరూ రెండు కళ్ళూ మూసుకుంటారు. కోడలు లీల మాత్రం ఒకటే మూస్తుంది. పదిహేనేళ్ళ కాపురంలో ఒక కన్ను దేవుడికీ ఒక కన్ను పొయ్యికీ ఇవ్వడం ఆమెకు బాగా అలవాటైంది. దేవుడు దీన్ని తప్పు పట్టడని ఆమె ధైర్యం. ఆయన తల్లి కూడా ఒక ఇంట్లో వంట చేసిన మనిషే కదా.

ఆ రోజు డిసెంబరు ఇరవై నాలుగు. మధ్యాహ్నం మూడు దాటిందో లేదో కిటికీ అవతల పొద్దు వాలిపోతోంది. పొలాల మీదినుంచి పొగమంచు నెమ్మదిగా వచ్చి ట్రామ్ ఆఖరి స్టాపును, దాని పక్కనున్న సైకిళ్ళను ఒక్కొక్కటే మింగుతోంది. లీల గారెలు వేస్తోంది. బగారన్నం దించింది, మటన్ ఉడికింది, సేమ్యా పాయసం చల్లారుతోంది. పొద్దున ఆరింటినుంచీ నిలబడే ఉన్న కాళ్ళు తనవి కావన్నట్టు ఎక్కడో దూరంగా నొప్పి పెడుతున్నాయి.

అత్తగారు అక్టోబరులో వచ్చారు, మూడు నెలల వీసా మీద. వచ్చిన రోజే నాలుగంతస్తుల మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కి, పైన నిలబడి "గింతేనా?" అన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం అవసరం. ఎందుకంటే ఆ నెలలోనే రత్నకుమారిగారికి ప్రాణం మీదికి వచ్చింది, ఆవిడకు తెలియకుండానే.

జరిగింది ఇది. ట్రామ్ స్టాపు దగ్గర కీటా అనే పసిపిల్లల బడి ఒకటుంది. సెప్టెంబరులో లీల అక్కడ రెండు వారాలు జీతం లేకుండా పనిచేసి చూపించింది. పిల్లలకు అన్నం పెట్టడం, బూట్లు తొడగడం, ముక్కులు తుడవడం, నిద్రపుచ్చడం. ఇంట్లో పదిహేనేళ్ళుగా చేసినదే. తేడా ఒక్కటే. అక్కడ పన్నెండున్నరకు ఎవరో ఒకరు వచ్చి "చాలా థాంక్స్, ఇక మీరు వెళ్ళొచ్చు" అంటారు. ఆ మాట విన్న మొదటి రోజు లీల స్టాపులో కూర్చుని మూడు ట్రాములు వదిలేసింది, ఆ మాటను ఇంకాసేపు నోట్లో పెట్టుకు చప్పరిద్దామని. నవంబరునుంచి రోజూ ఒక పూట పని ఇస్తామన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఆ ఇంట్లో జర్మన్ ఉత్తరాలన్నీ భర్త సుమంత్ శాఖ. అడిగితే "వేరేవాళ్ళను తీసుకున్నరేమోలే" అన్నాడు.

డిసెంబరు మొదటి వారంలో కూరగాయల దుకాణంలో ఆలుగడ్డల దగ్గర కీటా డైరెక్టరమ్మ కనబడి లీల రెండు చేతులూ పట్టుకుంది. "మీ అత్తగారికి ఎలా ఉంది? మీ ఉత్తరం చదివి ఎంత బాధపడ్డానో. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. కొత్త సంవత్సరం దాకా చూస్తాం" అంది. లీల ఇంటికి వచ్చి తన మెయిల్ పెట్టె తెరిచింది. ఉత్తరం పంపినవాటిలోనే ఉంది, తన పేరుతో, తన సంతకంతో. అత్తగారికి తీవ్రమైన జబ్బు, దగ్గరుండి చూసుకోవాలి, అందుకని ఈ అవకాశాన్ని వదులుకుంటున్నాను అని. జర్మన్‌లో ఒక్క తప్పు లేదు. అందుకే అది తను రాసింది కాదని లీలకు వెంటనే తెలిసింది.

సుమంత్‌ను అడిగింది. అతడు టై విప్పుకుంటూ చాలా శాంతంగా జవాబిచ్చాడు. "అమ్మ ఉన్న మూణ్ణెల్లు ఎవరు చూస్తరు? ఇంకో కీటా రాదా? ఇంత చిన్నదానికి అమ్మ ముందల లొల్లి ఎందుకు?" అమ్మకు మాత్రం అతడు ముందే వేరేగా చెప్పి ఉంచాడు, లీలకే ఓపిక లేదందని, తనే వద్దనుకుందని. అప్పటినుంచీ రత్నకుమారిగారు ఎల్లిగడ్డలు ఒలుస్తూ గోడతో అంటున్నారు, "ఎమ్మే చదివి ఏం లాభం? నలుగురు పసిపిల్లలను చూసుకునే ఓపిక లేకపాయె." గోడ ఏమీ అనలేదు. లీలా ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ప్రశాంతత అనేది కూడా బియ్యం, కందిపప్పు లాంటిదే. అయిపోయినప్పుడల్లా లీలే వెళ్ళి తేవాలి, మోసుకుంటూ నాలుగంతస్తులు ఎక్కాలి.

ఇక ఆ ఇంటి ఆచారం సంగతి. రత్నకుమారిగారి మామగారు పాలమూరు పల్లెల్లో మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ సంఘాల పాస్టరు. ఆయన ఇంట్లో క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అందరూ కలిసి ఒకే రొట్టె విరుచుకునేవారు. విరిచే ముందు ఇంటిపెద్ద ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగాలి, "అందరితోని సమాధానంగ ఉన్నవా?" అని. మనసులో ఎవరిమీదా ఏమీ లేకపోతే "ఉన్న" అనాలి. ఎవరైనా "లేను" అంటే రొట్టె మీది గుడ్డ తీయరు, ఆ పూట భోజనమూ మొదలుపెట్టరు. ఎవరితో, ఎందుకు అని ఆ మనిషిని అడగకూడదు. కారణమైన వాళ్ళకు తెలుస్తుంది, వాళ్ళే నోరు విప్పాలి. నియమం ఘనంగానే ఉంది గానీ, ఆ వంశంలో ఇంతవరకూ ఎవరూ "లేను" అన్న దాఖలా లేదు. ఆకలి మీదున్న కుటుంబానికి క్షమాగుణం ఎక్కువ.

కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ఎనభయ్యారేళ్ళ ఫ్రౌ గూత్‌ను, మన భాషలో గూత్ గారిని, ఈసారి పండగకు పిలిచారు. ఆవిడ అమ్మమ్మ ఆమిష్ మనిషి, అంటే ఒకప్పుడు మెన్నోనైట్లలోంచి విడిపోయిన శాఖ. ఇప్పుడు అమెరికాలో గుర్రపు బళ్ళ మీద తిరిగే ఆమిష్ వాళ్ళకు మూలాలు ఇక్కడికి దగ్గరి కొండపల్లెల్లోనూ ఉన్నాయి. అమెరికా వెళ్ళకుండా ఇక్కడే మిగిలిన కొద్దిమందీ రెండో ప్రపంచయుద్ధానికి ముందే మెన్నోనైట్లలో కలిసిపోయారు. ఇది తెలిసిన రోజునుంచి రత్నకుమారిగారు ఆవిడను "మా అక్క" అంటున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, కాబట్టి చక్కగా కుదిరింది. గుండీలు గర్వానికి గుర్తని అమ్మమ్మ బట్టలకు కొక్కేలే పెట్టుకునేదని ఫ్రౌ గూత్ చెప్పింది లీల తెలుగు చేస్తే, రత్నకుమారిగారు మెచ్చుకుని, కోడలి కోటుకున్న ఆరు గుండీల వైపు ఒకసారి చూశారు.

గారెలు తిప్పుతూ లీల కిటికీలోకి చూసింది. పొగమంచులో పొలం గట్టు వెంట నల్లటి గౌన్లు, నల్లటి టోపీలు వేసుకున్న ఆడవాళ్ళు వరసగా నడిచి వస్తున్నట్టనిపించింది. ఒక్కొక్కరి చేతిలో గుడ్డ కప్పిన ఒక్కొక్క రొట్టె. అడుగుల చప్పుడు లేదు. వాళ్ళ వెనకాల పాలమూరు ఎర్రమట్టి దారిలో తెల్లచీరలు కట్టుకుని మరికొందరు, ఆ మట్టి ఈ మంచులో ఎక్కడ కలుస్తుందో తెలియకుండా కలిసిపోయి. వాళ్ళందరినీ ఎవరో అడిగి ఉంటారు, ఉన్నవా అని. అందరూ ఉన్న అనే ఉంటారు. ఆ ఒక్క మాట కింద ఏమేం దాచారో. పిండి రుబ్బిన రాత్రులు, మింగిన మాటలు, తమ పేరు మీద ఇంకొకరు చెప్పిన జవాబులు. అంత బరువు పెడితే ఏ రొట్టె పొంగుతుంది? తనూ పద్నాలుగుసార్లు అంది. అదీ వంటింట్లోంచే. అత్తగారు ఎదురుగా ఉన్న ఏళ్ళలోనైనా, ఫోన్ తెరమీద అడిగిన ఏళ్ళలోనైనా, లీలను ఎప్పుడూ ఆఖరున అడుగుతారు, అప్పటికి ఆమె ఏ గరిటె కోసమో లేచి ఉంటుంది. గోడ అవతలినుంచి "ఉన్న, అత్తమ్మా" అని కేక వేస్తే సరిపోతుంది. ఇవాళ ఆ మాట అంటే, ఓపిక లేక తనే వద్దనుకుందన్నదీ నిజమైపోతుంది. తన నోటితోనే ముద్ర వేసినట్టవుతుంది. నూనెలో గారె దానంతట అదే తిరగబడింది. లీల పొయ్యి కట్టేసింది.

నాలుగున్నరకు అందరూ బల్ల చుట్టూ చేరారు. ఫ్రౌ గూత్ జడలా అల్లి కాల్చిన రొట్టె తెచ్చింది. దాని మీద తెల్లగుడ్డ కప్పారు. లీల గరిటెలూ మంచినీళ్ళూ ముందే తెచ్చి పెట్టేసి కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోవడం చూసి సుమంత్ "ఏమన్న మర్చిపోయినవా?" అన్నాడు.

ప్రార్థన అయింది. వంట చల్లారింది గానీ ఏదీ మాడలేదు.

"సుమంత్, అందరితోని సమాధానంగ ఉన్నవా?"

"ఉన్నమ్మా." చూపు మటన్ మీదే.

లీల కూతురు పదమూడేళ్ళ గీతిక "యా... ఉన్న నానమ్మా" అంది. ఫ్రౌ గూత్ తల ఊపింది.

"లీలా, అందరితోని సమాధానంగ ఉన్నవా?" అత్తగారి చెయ్యి అప్పటికే గుడ్డ అంచు పట్టుకుంది.

"లేను, అత్తమ్మా."

చెయ్యి ఆగింది. "ఏందీ?"

"లేను."

"ఓ గాట్" అని గొణిగి గీతిక ఫ్రౌ గూత్ చెవిలో జర్మన్‌లో చెప్పింది. ఎనభై ఏళ్ళుగా స్టేషన్‌లో కూర్చున్న మనిషికి చివరికి రైలు కనబడినట్టు ఆవిడ నిటారుగా సర్దుకుని ఏదో చెప్పింది.

"వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో ఒకసారి ఎవరో ఇట్లనే అన్నారంట" అని గీతిక తెలుగు చేసింది. "చలికాలం ముందు. ఆ రొట్టె ఈస్టర్ దాకా ఆగిందంట."

"ఈస్టర్ దాకనా?" అన్నాడు సుమంత్, బగారన్నం వైపు చూస్తూ.

రత్నకుమారిగారు గుడ్డ వదిలేశారు. ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. కాసేపు తనలో వెతుక్కుని గొంతు సవరించుకున్నారు. "నేనే అయుంట. మొన్న నువ్వు స్నానానికి పోయినప్పుడు పప్పుల ఉప్పేసిన. తర్వాత నువ్వు గూడ ఏసినవ్. ఉప్పుకషాయమైందని అందరి ముందల నిన్నే అన్న."

"అది అప్పుడే తెలుసు అత్తమ్మా. అది కాదు."

"నేనా మమ్మీ?" గీతిక గొంతు సన్నబడింది. "ఆ కొత్త జాకెట్ ఎవరూ కొట్టేయలేదు. నేనే ట్రామ్‌లో మర్చిపోయిన."

"అదీ కాదు. దాని సంగతి రేపు."

ఇంతలో ఫ్రౌ గూత్ చెయ్యెత్తింది. ఆరేళ్ళ కిందట మెట్ల మీద పోపు ఘాటు భరించలేకున్నామని ఆ ఇళ్ళు అద్దెకిచ్చే ఆఫీసుకు వెళ్ళిన సంతకం లేని ఉత్తరం తనదేనని ఒప్పుకుంది.

"తెలుసు, ఫ్రౌ గూత్" అంది లీల. "అంత అందమైన చేతిరాత ఇప్పుడెవరికుంది?"

మటన్ మీద కొవ్వు తెల్లగా పేరుకుంటోంది. లేచి వేడి చేయాలనిపించలేదు లీలకు. అన్నం చల్లబడుతూ ఉంటే చూస్తూ కూర్చోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుర్చీల వెనక ఆ నల్లటోపీల ఆడవాళ్ళూ తెల్లచీరల ఆడవాళ్ళూ వచ్చి నిలబడ్డట్టుంది. వాళ్ళు తొందరపెట్టడం లేదు. వాళ్ళకు కావలసినంత సమయముంది.

"మీనాక్షికి ఫోన్ల చెప్పిన" అన్నారు రత్నకుమారిగారు ఉన్నట్టుండి. "కోడలికి పని ఇస్తమంటె ఓపిక లేదని వద్దన్నదని. అదా?"

లీల అత్తగారి కళ్ళలోకి చూసింది. "అది మీ తప్పు కాదు, అత్తమ్మా."

సుమంత్ కొవ్వొత్తిని కొంచెం ఇటు జరిపాడు, మళ్ళీ అటు జరిపాడు. "లీలా, ఇదంతా తర్వాత మాట్లాడుకుందం. వేరేవాళ్ళ ముందల—"

"నిన్ను ఎవరన్న అడిగిన్రా?" పెద్దావిడ నెమ్మదిగా కొడుకు వైపు తిరిగారు. "నేను నీ దిక్కు చూడను గూడ చూడలే. నువ్వెందుకు మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

అతడి చెవులు ఎర్రబడ్డాయి. గీతిక ప్లేటులోకి చూస్తోంది. కింద ఎక్కడో ట్రామ్ వచ్చి ఆగి, ఎవరూ ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

"లీల వద్దనలే అమ్మా" అన్నాడు చివరికి. "కీటాకు ఉత్తరం నేనే రాసిన. లీల పేరు పెట్టి. నీకు పాణం బాగలేదని రాసిన."

"నాకా?" రత్నకుమారిగారి గొంతు లేచింది. "పొద్దుగాల కిలో ఎల్లిగడ్డలు ఒలిచిన మనిషిని! ఎవన్నడిగి పండవెట్టినవ్ రా నన్ను మంచంల?"

"నువ్వు వస్తున్నవని... ఇల్లు చూసుకోవాలె కదా అని... రేపే వాళ్ళకు మళ్ళ మెయిల్ రాస్త లీలా, నేను సర్దుత."

"వద్దు" అంది లీల. "నేనే రాస్తా. తప్పులుంటాయి. ఉండనీయండి. ఈ రాత్రే రాస్తా, జనవరి నుంచి వస్తున్నానని."

ఆ మాట అంత మామూలుగా బయటికి రావడం ఆమెకే వింతగా అనిపించింది, ఉప్పు అందుకోమన్నట్టు.

"సరే. కాని అప్పుడు నా పరిస్థితి—"

"కాని అనకు" అన్నారు తల్లి. రొట్టె మీద గుడ్డ అంచు సర్ది, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "ఒప్పుకునేటోడు కాని అనడు. తాత ఇంట్ల ఎవరన్లే, నా ఇంట్ల గూడ వద్దు."

సుమంత్ లేచి నిలబడ్డాడు. "అమ్మా..."

"నాకు కాదు."

అతడు బల్ల చివరికి, తన భార్య ఎప్పుడూ ఖాళీగా వదిలేసే ఆ కుర్చీ వైపుకు తిరిగాడు. ఆమె అందులోనే కూర్చుని ఉంది. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.

"తప్పు చేసిన, లీలా" అన్నాడు.