అత్తమ్మ నొక్కిన పేరు

ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం. చర్చి నుంచి వచ్చి చింతచిగురు వేసి బోటి వండాను. అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలిన పులుసు అన్నంలో కలుపుకుంటుంటే, మా అత్తమ్మ ప్రేమమ్మ చెయ్యి కడుక్కుంటూ అన్నది: "కూరల ఉప్పు ఎవలెయ్యాలె? నీ మిషన్లొచ్చి ఎయ్యాల్నా?" ఉప్పు సరిగానే ఉంది. మరునాడు తెల్లవారేసరికి ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కాబట్టి పందొమ్మిదేళ్ల కాపురంలో ఆమె నాతో అన్న చివరి మాట అదే. కొందరు కోడళ్లకు చివరి మాటగా దీవెన దొరుకుతుందట. నాకు ఉప్పు దొరికింది.

మిషన్లంటే నా ఉద్యోగం. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. కరీంనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పని. పత్తి మిల్లులకు, బియ్యం మిల్లులకు తూకం మిషన్ల మీద పెట్టే చిన్న తెరలు తయారు చేస్తాం. ఏ బటన్ నొక్కితే తెర మీద ఏ మాట రావాలో రాసేది నేను. ఒకసారి బోథ్ నుంచి ఒక మిల్లు ఆయన తన తూకం తెర చూసుకోవడానికి వచ్చాడు. బాగుందని మెచ్చుకుని, ఇది చేసిన సారు ఎవరని అడిగాడు. మా ఓనరు రంజిత్ నవ్వి, నా వైపు తిరిగి "మేడం, జర చాయ్ చెప్పున్రి" అన్నాడు. చెప్పాను. ఇంట్లో ఇంకో రకం. మా అమ్మాయి బాసరలో ఇంజనీరింగు చదువుతున్నదని మా ఆయన అనిల్ కుమార్ తన జిరాక్స్ షాపుకొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. నా గురించి అడిగితే మాత్రం "మా ఇంటామెనా? గవేవో బటన్లు అతికిస్తది" అంటాడు. అత్తమ్మ క్రైస్తవ మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషి. నేను బస్సు దిగి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే అనేది: "నేను గంట మోగితె ఉరికినదాన్ని. గంట కొట్టినోని ముఖం సూడకముందే ఉరికేదాన్ని. నీదీ ఒక నౌకరేనా, కుర్సీల కూసొని బటన్లు జేసుడు!"

అయినా ఆ నౌకరీ నాకు కావాలి. రంజిత్ మంచివాడని కాదు, జీతం ఎక్కువని కాదు. అక్కడ ఒక పని మొదలైతే ఎక్కడో ఒకచోట అయిపోతుంది. నేను రాసింది సరిగా ఉంటే తెర వెలుగుతుంది, తప్పయితే వెలగదు. ఇంట్లో నేను చేసేదానికి వెలిగే తెర లేదు. అన్నం వండితే తినేస్తారు, బట్టలు ఉతికితే తొడుక్కుంటారు, వండలేదని ఉతకలేదని మాత్రమే కనబడుతుంది. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అత్తమ్మను దవాఖాన నుంచి తెచ్చే రోజు, ఎవరు చూసుకోవాలని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ క్యాథరిన్ వరండాలో నిలబడి డాక్టరుతో "వదిన ఉన్నది గద సార్, ఫికర్ లేదు" అన్నది. నేను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే ఉన్నాను. మా ఆయన షాపు చొప్పదండిలో మా ఇంటి ముందు గదే. ఆయన కుర్చీకీ, వాళ్లమ్మ మంచానికీ మధ్య ఒక గోడ. పొద్దంతా అక్కడే ఉంటాడు. గిరాకీ లేనప్పుడు ఫోన్లో క్రికెట్ చూస్తాడు. అయినా మానుకోవాల్సింది బస్సెక్కి కరీంనగర్ పోయే నేను. "షాపు బందువెడితె గిరాకి పోతది. నీదేముందే, నౌకరి మల్ల దొరుకుతది" అన్నాడు. ఇక నా పొద్దు నీళ్లు, మందు, బెడ్ పాన్, దుప్పట్లు. అత్తమ్మ నోరు తెరవలేకపోయినా చూపులతో తిట్టేది. నేను ఒళ్లు తుడుస్తుంటే గోడ వైపు తిరిగి పళ్లు బిగబట్టేది. నేనూ ప్రేమగా ఏం తుడవలేదు. ఆ దినాల్లో నన్ను గమనించింది పక్కింటి బాలవ్వ ఒక్కతే. వాన మొదలైతే మా తీగ మీది దుప్పట్లు తీసి, మడత పెట్టి, ప్రహరీ గోడ మీద పెట్టి పోయేది. మాట్లాడేది కాదు. ఆ మడతలు చూస్తే నాకు కన్నీళ్లొచ్చేవి.

జూన్‌లో రంజిత్ ఫోన్ చేశాడు. "పదహారు తారీఖు సోమవారం దాక చూస్త మేడం. గప్పటికి రాకుంటె వేరేటోళ్లను వెట్టుకుంట, ఏమనుకోకున్రి." అదే మా ఆయనకు చెప్పాను. ఆయన లేజర్ ప్రింటరు మూత ఊడదీసి చూస్తూ "పో, నేనొద్దన్ననా?" అన్నాడు. తర్వాత, "అవ్వకు మాట లేదు. పిలిస్తె పలికేటట్టు ఏదన్న చెయ్యి. మంచం ఖరాబు కావద్దు. ఒక్కసారి ఖరాబైనా ఇగ పని మాట ఎత్తకు" అన్నాడు.

చేశాను. అరచేతి వెడల్పు కంప్యూటర్ బోర్డు ఒకటి నా దగ్గర పాతది ఉంది. దానికి అగ్గిపెట్టెంత తెర, మూడు బటన్లు: పైకి, కిందికి, సరే. ఒక టిఫిన్ డబ్బాకు చిల్లులు చేసి అందులో బిగించాను. లోపల ఒక్కో అవసరానికి ఒక్కో షెల్ స్క్రిప్టు. అంటే కంప్యూటర్‌కు వరుసగా చెప్పే నాలుగు మాటలు: ఈ నంబరు ఫోన్ మోగించు, ఫలానా కావాలని దాని మీద చూపించు, వచ్చినవాళ్లు సరే నొక్కేదాకా వదలకు. ఒక ఫోల్డర్లో ఎన్ని స్క్రిప్టులు పెడితే తెర మీద అన్ని వరుసలు వస్తాయి. నీళ్లు, మందు, బాత్రూం, పక్కకు తిప్పు. మా ఆయన వచ్చి చూసి, ప్రార్థన అని ఒకటి ఉండాలన్నాడు, అదీ అన్నిటికన్నా పైన. పెట్టాను. అందువల్ల దాహం వేస్తే అత్తమ్మ ప్రార్థన దాటుకుని కిందికి రావాలి. ఇక ఆమె ఎడమ చెయ్యి. అది పనిచేస్తుంది గానీ వణుకుతుంది. వణికే వేలితో ఒకసారి నొక్కితే బటన్ మూడుసార్లు నొక్కినట్టు లెక్కపెడుతుంది. అందుకని ఒక నొక్కు తర్వాత అర సెకను ఏమీ పట్టించుకోవద్దని రాశాను. ఉప్పు మాట తలుచుకుని మనసులో తిట్టుకుంటూనే రాశాను ఆ అర సెకను.

శనివారం నేనే నీళ్లు నొక్కి చూపించాను. వంటింట్లో నా ఫోన్ మోగింది. మా ఆయన తల ఊపి, "బాగున్నది" అన్నాడు.

ఆదివారం క్యాథరిన్ వచ్చింది. చర్చి అయ్యాక అందరం మంచం చుట్టూ చేరాం. పెట్టె అత్తమ్మ ఎడమ చేతి కింద పెట్టి, ఏది ఎలా నొక్కాలో చెప్పాను. ఆమెకు చదువొచ్చు, బైబిలు ధారాళంగా చదివేది. తెర చూసింది. ఒక్కో వరుసా చదివింది. నన్ను చూసింది. చెయ్యి పెట్టె మీంచి తీసేసి గోడ వైపు తిరిగింది. "వత్తు అవ్వా, వత్తు" అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. ఆమె వినలేదు. కాసేపటికి దుప్పటి తడిసింది.

"సూసినవా?" అన్నాడు మా ఆయన. గొంతులో కోపం కూడా లేదు, గెలిచినవాడి నిమ్మళం ఉంది. క్యాథరిన్ ముక్కు మీద కొంగు పెట్టుకుని, "పేషెంటుకు మనిషి గావాలె వదినా, డబ్బా గాదు" అంటూ బయటికి నడిచింది. మనిషిని నేనే గనక నేనే దుప్పటి మార్చాను.

వంటింట్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. పెట్టె ఎక్కడ ఫెయిలయిందో చూద్దామని. పెట్టె ఫెయిల్ కాలేదు, ఎవరూ నొక్కలేదు, అంతే. అయినా అలవాటు కొద్దీ ఒక్కో స్క్రిప్టు తెరిచాను. నీళ్లు. మందు. బాత్రూం. అన్నిట్లో ఒకే నంబరు, నాది. మొదటిది రాసి, మిగతావి దాన్నే కాపీ చేసి, పేర్లు మార్చాను. నంబరు మార్చలేదు. నేను లేనప్పటి కోసం చేసిన పెట్టె ఇది. చొప్పదండిలో అత్తమ్మకు దాహమైతే కరీంనగర్‌లో నా బల్ల మీద ఫోన్ మోగుతుంది. గోడవతల కూర్చున్న కొడుకుకు మోగదు. ఇంత తెలివితక్కువ పని నేను ఏ మిల్లుకూ చేయలేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు, నా వేళ్లే రాసుకున్నాయి. శనివారం అది చూసి మా ఆయన తప్పు పట్టలేదు. నా ఫోన్ మోగింది కాబట్టి అంతా సరిగానే ఉందనుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లంతా మండింది. అప్పుడే అత్తమ్మ చూపు గుర్తొచ్చింది. ఆమె తెర చూసింది, తర్వాత నన్నే చూసింది. ముప్పై ఏళ్లు గంటకు ఉరికిన మనిషికి, ఇది మోగితే ఈ ఇంట్లో ఉరికేది ఎవరో ఒకరు చెప్పాలా?

పొయ్యి మీద రాత్రి అన్నం ఉడికేలోపు ఇంకో తెర చేర్చాను. అవసరం ఎంచుకున్నాక పెట్టె "ఎవరు?" అని అడుగుతుంది. కింద మూడు పేర్లు. లిడియా, అనిల్, క్యాథరిన్. నా పేరే మొదట పెట్టాను. ఏమీ జరపకుండా సరే నొక్కితే నాకే మోగుతుంది. ఎదుటివాళ్లు తర్వాత మాట అనకుండా ఉండాలంటే పందెం వాళ్ల వైపే మొగ్గాలి.

తిన్నాక ఇద్దరికీ చెప్పాను. "అత్తమ్మ నా పేరు వత్తితె ఇగ నేను పని మాట ఎత్తను. వేరే పేరు వత్తితె రేపు ఏడింటి బస్సు ఎక్కుత."

క్యాథరిన్ నవ్వింది. "నా పేరెందుకు వెట్టినవ్ వదినా? నేను పొద్దుగాల్ల పోయేదాన్ని."

"బిడ్డవు గద."

మా ఆయన పళ్లు కుట్టుకుంటూ, "నేను పుట్టి ఇన్నేండ్లాయె, అవ్వ నాకు ఒక్క పని చెప్పలే. నీ ఇష్టం, ఎక్కు మరి" అన్నాడు.

పెట్టె మళ్లీ అత్తమ్మ చేతి కింద పెట్టి, కొత్త తెర చూపించాను. "గిక్కడ పేరు అడుగుతది అత్తమ్మా. నీకు ఎవలు గావాల్నో వాళ్లే" అన్నాను. ఆమె నన్ను చూడలేదు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ నిలబడ్డాను. నా ఫోన్ ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. కొళాయి సన్నగా తిప్పుకున్నాను, వినబడాలని.

టక్. బటన్ చప్పుడు. మళ్లీ టక్, మళ్లీ టక్. ప్రార్థన దాటింది, నీళ్లు దాటింది, మందు దాటింది, బాత్రూం దగ్గర ఆగింది. సరే నొక్కినప్పుడు బటన్ చప్పుడు కొంచెం లావుగా ఉంటుంది, అదీ వినబడింది. ఇప్పుడు పేర్ల తెర. నా చేతిలో గిన్నెలు తోమే పీచు ఆగిపోయింది. ఆ వేలు ఇక కదలనక్కర్లేదు, ఉన్నచోటే నొక్కితే చాలు.

టక్. ఒక్కసారి కిందికి. సరే.

ఉప్పు డబ్బా పక్కన నా ఫోన్ నల్లగా పడుంది. షట్టర్ దించుతున్న మా ఆయన జేబులో యేసు పాట మోగింది.

ఆయన చూసి, కట్ చేశాడు. మళ్లీ మోగింది. "తప్పు వత్తింది" అని అరిచాడు ముందు గదిలోంచి. "చెయ్యి వణుకుతది గదనే ఆమెకు!"

"వణికితె లెక్కవెట్టకుండ రాసిన" అన్నాను.

ఆయన మంచం దగ్గరికి వచ్చాడు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. తానే సరే నొక్కి మోత ఆపి, వంగి, పెద్దగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, "అవ్వా, లిడియాను పిలువాల్నా?" అన్నాడు. అత్తమ్మ కొడుకు ముఖం చూస్తూనే, చేతి కింద పెట్టె వైపు చూడకుండానే, ఒక్కొక్కటిగా బటన్లు నొక్కింది. ఆమె ఎదుట నిలబడ్డ ఆయన చేతిలోనే ఫోన్ మోగింది.

"వదినా, అన్నకు రాదు గద, నువ్వే జర..." అంది క్యాథరిన్. అత్తమ్మ కళ్లు ఆమె మీదికి తిరిగాయి. వేలు మళ్లీ కిందికి బటన్ వెతుక్కుంది. క్యాథరిన్ తన ఫోన్ గుండెకు అదుముకుని, నీళ్లు తాగొస్తానని వంటింట్లోకి పోయింది.

ఎందుకు నొక్కిందో నాకు తెలియదు. నా చెయ్యి తగలడం ఇష్టం లేక కావచ్చు, పందొమ్మిదేళ్లుగా లేదు కదా. గంట కొట్టి ఇంకో ఆడదాన్ని ఉరికించడం ఇష్టం లేక కూడా కావచ్చు. అడిగితే చెప్పడానికి ఆమెకు నోరు లేదు, ఉన్నా చెప్పే మనిషి కాదు. అది పగే అయినా సరే, నాకు ఏడింటి బస్సుకు సరిపోతుంది.

"బెడ్ పాన్ మంచం కింద ఉన్నది" అన్నాను మా ఆయనతో. "గ్లౌజులు కిటికీల ఉన్నయ్. నడుము కింద చెయ్యి వెట్టి లేపాలె, గుంజద్దు. నొప్పైతది ఆమెకు."

"లిడియా..." అన్నాడు. కోపంగా అనబోయాడు, మధ్యలో బతిమాలినట్టయింది. ఫోన్ మోగుతూనే ఉంది. గ్లౌజు ఎడమ కుడి తెలియక రెండుసార్లు తొడిగి తీశాడు. పెట్టె మీద సరే ఆయనే నొక్కాడు. పాట ఆగిపోయింది.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. అత్తమ్మ కళ్లు నన్ను పట్టుకున్నాయి. దయ ఉందేమోనని వెతికాను. కూరలో ఉప్పు లేనట్టు మూతి తిప్పుకుంది.

"జర నడుము లేపు అవ్వా" అంటున్నాడు మా ఆయన లోపల. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, ఆ రాత్రికి మూసేశాను.