గుక్కెడు తెలుపు

ఈ ఉదయం నుంచి అక్క మాటలు నోట్లోంచి రావడం మానేసి, తల పక్కన తెల్లటి బుడగలుగా వస్తున్నాయి. బుడగల్లో అక్షరాలు లేవు.

మొదటిది ఆరున్నరకి వచ్చింది, అక్క గుమ్మంలో పాలప్యాకెట్లు తీస్తుంటే. కోడిగుడ్డు ఆకారంలో ఉంది. కింద చిన్న తోక, ఆమె పెదాల వైపు చూపిస్తూ. మెల్లగా పైకి లేచి సీలింగుకి ఆనుకుని ఆగింది. నేను ఫ్యాను ఆపేశాను. తొమ్మిదింటికల్లా హాల్లో ఇరవై రెండు పోగయ్యాయి. ఇప్పుడు బూజుకర్రతో ఒక్కొక్కటే దించి సోఫాలో వరసగా కూర్చోబెడుతున్నాను. అక్క సాయం పడుతోంది. సాయం పడుతూ ఏదో అంటోంది, ఇంకోటి వస్తోంది.

మా అక్క పేరు శేషారత్నం. నాకంటే పదేళ్లు పెద్దది. ముప్ఫై ఏళ్లుగా కాకినాడ బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతోంది. ఈరోజు గురువారం, ఆమెకి సెలవు. నేను అబ్బులుని. నలభై మూడేళ్లొచ్చాయి, బొమ్మలు గీస్తాను.

మేమిద్దరం కలిసి ఫోన్‌లో ఒక బొమ్మల కథ నడుపుతున్నాం, బొటనవేలితో పైకి తోసుకుంటూ చదువుకునేది. కథ అక్కది, గీత నాది. పేరు ‘కొండను తోలుకెళ్లే పిల్ల’. ఒక కొండ దారితప్పి ఊళ్లోకి వచ్చేస్తుంది. పైడమ్మ అనే పిల్ల దాని మెడకి పలుపు కట్టి, ఆవుని తోలుకెళ్లినట్టు దాని చోటుకి తోలుకెళ్తుంది. నూట పదకొండు వారాలుగా నడుస్తూనే ఉన్నారు. ఈ సాయంత్రం నాలుగింటికి నూట పన్నెండో భాగం వెయ్యాలి, అదే ఆఖరుది. కొండ తన చోటుకి చేరుతుంది. పైడమ్మ దానితో ఒక మాట అనాలి, ఒకే ఒక్క మాట. అదేమిటో అక్కకి తప్ప ఎవరికీ తెలీదు.

ముందే చెప్పమని ఎన్నోసార్లు అడిగాను. చెబితే నువ్వు దాని వెనకాల పరిగెత్తుతావురా అబ్బులూ, అని నవ్వేది. నిజమే. తొందర నాకు పుట్టుకతో వచ్చింది. పెళ్లి భోజనాల్లో నేను పెరుగన్నంలో ఉంటే పక్కవాళ్లు ఇంకా పప్పులోనే ఉంటారు.

అక్క పద్ధతి వేరు. బొమ్మకీ బొమ్మకీ మధ్య వదిలే తెల్లటి ఖాళీని ఆమె గుక్కల్లో కొలుస్తుంది. అది బస్టాండులో నేర్చుకున్న కొలత. బస్సు ఏ ఊరిదో చెప్పాక ఒక గుక్క ఆగాలట, సంచుల మధ్య కునుకుతున్న మనిషి తలెత్తి వినడానికి. ఆ తర్వాతే ప్లాట్‌ఫారం నంబరు. గబగబా చెప్పేస్తే బస్సు వెళ్లిపోతుంది, మనిషి మిగిలిపోతాడు. మా కథ కూడా ఆమె అలాగే రాస్తుంది: కొండ ఏట్లో నీళ్లు తాగింది. రెండు గుక్కలు. పైడమ్మ వెనక్కి తిరిగి చూసింది.

ఈరోజు మా ఇంట్లో గుక్కలు లేవు. గదులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మంచం మీంచి కాలు దించితే అది స్నానాల గదిలో పడుతోంది. కాఫీ గ్లాసులో పొయ్యడం, ఆ గ్లాసు కడగడం పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో తాగడం ఎంత వెతికినా కనబడలేదు. నాలుక మీద చేదు మాత్రం ఉంది.

ఇల్లు పైకి జరుగుతోంది. ఎందుకో బాల్కనీలోంచి చూస్తే తెలుస్తోంది. మా అపార్ట్‌మెంటంత బొటనవేలు ఒకటి గోడకి ఆని మమ్మల్ని పైకి తోస్తోంది. చదివేవాళ్లది. గోరు మీద గోరింటాకు సగం అరిగింది. అది తోసినప్పుడల్లా హాలు వెళ్లిపోయి వంటిల్లు వస్తుంది, వంటిల్లు వెళ్లిపోయి పడగ్గది వస్తుంది. అక్క నోరు తెరుస్తుంది. మాట గొంతు దాకా వచ్చేసరికి తర్వాతి బొమ్మ వచ్చేస్తుంది, అందులో ఆమె నోరు మూసుకుని ఉంటుంది. బుడగలు ఖాళీగా ఉండటానికి కారణం ఇదే. నా మాటలకి గుక్క అక్కర్లేదు, అవి మామూలుగానే వస్తున్నాయి.

అక్క గాభరా పడటం లేదు. గాభరా పడటానికైనా ఒక గుక్క కావాలి.

మధ్యాహ్నం పన్నెండింటికి పైడమ్మ కొండని హాల్లోకి తోలుకొస్తుంది. కొండ ఫ్యాను రెక్కలకి తగలకుండా నడుం వంచుకుని నిలబడుతుంది. ఒంటినిండా సీతాఫలం పొదలు, తడి మట్టి వాసన. అన్ని వారాలు నడిచింది కదా, కాళ్లు వణుకుతున్నాయి. పైడమ్మ పలుపు చేతికి చుట్టుకుని అక్క మొహంలోకి చూస్తుంది. ఆ పిల్లకి ఎప్పుడూ అక్కే మాటలిచ్చింది. ఈ పూట దాని బుడగ కూడా ఖాళీగానే ఉంది.

మాట రాకపోతే ఈ కొండ ఇలాగే నిలబడి ఉంటుంది. అది ఒక సంగతి. అక్క గొంతు నేనిక వినను. అది అసలు సంగతి. అమ్మ గొంతు నాకు గుర్తులేదు. అన్నం తినమన్నదీ, పడుకోమన్నదీ, రోడ్డు దాటేటప్పుడు ఆగమన్నదీ అన్నీ అక్క గొంతులోనే ఉన్నాయి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, నిద్రపట్టేదాకా మంచం పక్కన కూర్చుని ఊళ్ల పేర్లు వరసగా చెప్పేది. పిఠాపురం, ఒక గుక్క, తుని, ఒక గుక్క. అన్నవరం దగ్గర నేను నిద్రపోయేవాణ్ణి. అన్నవరం దాటాక వచ్చే తుని ముందు చెప్పి, వెనక్కి అన్నవరం వచ్చేదని చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలీలేదు. నన్ను ఇంటివైపు తీసుకొచ్చేదట.

నాకు తెలిసిన వైద్యం ఒకటే, చప్పున ఏదో ఒకటి చేసెయ్యడం. ఒక బుడగ తీసుకుని అందులో ‘వెళ్లొస్తా’ అని రాస్తాను. అది బరువెక్కి, ముగ్గిన సపోటాలా కింద పడుతుంది. కొండ కదలదు. ఇంకోదాంట్లో ‘ఇదే నీ ఇల్లు’ అని రాస్తాను. అదీ పడుతుంది. మూడోదాంట్లో చదివేవాళ్లు మెచ్చుకునేలా నాలుగు వాక్యాలు రాస్తాను. అది అక్క కాలి మీద పడుతుంది. అక్క కాలు వెనక్కి తీసుకుని, నా చేతిలో పెన్ను లాక్కుని, మూత పెట్టి, నా జేబులోనే పెడుతుంది.

ఇక దాచి లాభం లేదు. “అక్కా, నీ ఖాళీలన్నీ నేనే కోసేశాను,” అంటాను.

ముప్ఫయ్యో భాగం కింద ఎవరో ‘సాగదీస్తున్నారు’ అని రాశారు. ఒక్కరే. మిగతా రెండు వందల మంది బాగుందనే అన్నారు. కానీ ఆ ఒక్క మాటే చెవిలో జోరీగలా తిరిగింది. ఆ వారం నుంచి, అక్క డ్యూటీకి వెళ్లాక, ఆమె ఎన్ని గుక్కలు రాసినా అర గుక్క మిగిల్చి తక్కింది కోసెయ్యడం మొదలుపెట్టాను. ఆమెకి చెప్పలేదు. కోసినవి పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. కంప్యూటర్లో ‘తెలుపు’ అని పేరు పెట్టి దాచాను. ఈ ఉదయం చూస్తే అవన్నీ ఇనప బీరువాలో ఉన్నాయి. ఇస్త్రీ పంచెల్లా మడతలు పెట్టి, అడుగు అర నుంచి పై అర దాకా.

ఇదంతా చెప్పేసి తలొంచుకుంటాను. అక్క బీరువా తాళం కోసం చెయ్యి చాపుతుంది.

అడుగు అరలో ఉన్నవి మొదట కోసినవి. పలచగా ఉన్నాయి, అర గుక్క, గుక్క. ఒక్కొక్కటే తీసి అక్కకి అందిస్తున్నాను. పై అరకి వెళ్లేకొద్దీ మడతలు లావెక్కుతున్నాయి. నలభయ్యో భాగానివి రెండేసి గుక్కలున్నాయి. డెబ్భయ్యో భాగానివి ఐదేసి. పోయిన వారానిది పట్టుచీరంత బరువుంది, రెండు చేతులూ కావాల్సి వచ్చింది. ఆమె రాతలో అంకె ఇలా పెరుగుతూ వచ్చిందని నేను గమనించనేలేదు. కొయ్యడం నా పని, కోశాను.

అంటే అక్కకి తెలుసు. అరక్షణం మౌనం తగ్గినా పట్టేసే చెవి ఆమెది, తెలియకుండా ఎలా ఉంటుంది? నేను కోసినకొద్దీ, కాస్తయినా మిగలకపోతుందా అని ఇంకాస్త ఇస్తూ వచ్చింది. ఇచ్చి ఇచ్చి తన దగ్గరున్నవన్నీ ఇచ్చేసింది. ఆ బరువైన మడత నా చేతుల్లో వెచ్చగా ఉంది. నాకు ఏడుపొస్తోంది. ఏడుస్తున్నాను. అక్క దాని అంచుతోనే నా ముక్కు తుడిచి, పని చూడమన్నట్టు తలూపుతుంది.

ఇద్దరం పరవడం మొదలుపెడతాం. మంచానికీ స్నానాల గదికీ మధ్య ఒకటి. కాఫీ పొయ్యడానికీ గ్లాసు కడగడానికీ మధ్య ఒకటి, అక్కడ నిలబడి నేను కాఫీ తాగుతాను. పంచదార సరిపోయింది. అన్నిటికంటే పెద్ద మడత హాలుకీ వంటింటికీ మధ్య విప్పుతాం. అక్క ఒక కొస పట్టుకుని వెనక్కి నడుస్తుంది. అది విచ్చుకుంటూ విచ్చుకుంటూ పోతుంది. గోడల్లేవు, కప్పు లేదు, తెలుపే. చూస్తుండగా అక్క అగ్గిపుల్లంత అయిపోతుంది, ఆ పైన చింతగింజంత.

మూడున్నరకి అపార్ట్‌మెంటు సెక్రటరీ వీర్రాజు గారు కొలిచే టేపు పట్టుకుని వస్తారు. మా ఖాళీ భానుగుడి సెంటరు దాటి పోయిందనీ, తన టేపు అయిపోయిందనీ, కమిటీలో ఎవర్నడిగి వేశారనీ గట్టిగా అడుగుతారు. మా అక్క మాటకోసమండీ అని చెబుతాను. ఆయన కాసేపు ఆ తెలుపులోకి చూసి టేపు చుట్టేస్తారు.

“ఆవిడ ఆగి చెప్పబట్టేనండీ, ఆరోజు మా ఆవిడకి రాజోలు బస్సందింది. వాళ్ల నాన్నగారి ఆఖరి చూపు దక్కింది,” అంటారు. “ఎంత కావాలంటే అంత వాడుకోండి.”

చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, అంచు తొక్కకుండా పక్కనుంచి వెళ్లిపోతారు.

నాలుగవుతుంది. ఆ చివర అక్క నడవడం మొదలుపెడుతుంది. అడుగుకో గుక్క. బాల్కనీ అవతల బొటనవేలు కదులుతోంది, ఇంకొక్క తోపుకి సిద్ధమవుతోంది. నాకూ ఒళ్లంతా జిలగా ఉంది, పరిగెత్తుకెళ్లి అక్కని ఎత్తుకుని తెచ్చెయ్యాలని. పరిగెత్తితే ఆ తెలుపంతా నా కాళ్ల కింద నలిగిపోతుంది. అందుకని అటు వెళ్లకుండా బాల్కనీలోకి వెళ్లి, రెండు అరచేతులూ ఆ వేలికి ఆనిస్తాను. అది వెచ్చగా ఉంది. లోపల నాడి కొట్టుకుంటోంది, చాలామందిది ఒకేసారి.

“కాస్త ఆగండి,” అంటాను. “ఆవిడ వస్తోంది.”

వేలు ఆలోచిస్తుంది. ఆగుతుంది. అడిగితే ఆగుతుందని నాకు ఇంతకాలం తెలీదు. అక్క వారం వారం అడుగుతూనే ఉంది, ఆ మాట దాన్ని చేరనివ్వంది నేనే.

ఏమీ జరగదు. చాలాసేపు ఏమీ జరగదు. కొండ ఊపిరి వినబడుతోంది. పైడమ్మ పలుపు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంది. వీధిలో ఎవరో కుక్కర్ విజిల్ లెక్క తప్పి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటున్నారు. అక్క ఇప్పుడు గ్లాసంత ఉంది. ఆమె తల పక్కన ఒక బుడగ ఊరుతోంది. గబుక్కున చూస్తే అది ఖాళీ. కుదురుగా చూస్తూ ఉంటే ఒక మూల కాటుక మరకంత నలుపు కనిపిస్తోంది. నేను రెప్ప వెయ్యడం లేదు. ఆ నలుపు అటూ ఇటూ పాకుతూ నెమ్మదిగా అక్షరమవుతోంది.

“కూర్చో,” అంటుంది అక్క.

బస్టాండులో వినబడే గొంతే. వెనక బెంచీలోని మనిషికి కూడా అందేలా, చివర కాస్త సాగుతుంది.

కొండ కూర్చుంటుంది. ముందు కాళ్లు మడిచి, తర్వాత వెనక కాళ్లు. పొదల్లోంచి పిట్టలు లేచి మళ్లీ వాలతాయి. పైడమ్మ పలుపు వదిలేసి దాని పొట్టకి చేరగిలబడుతుంది. ఆ మాట ఎవరితో అందో అక్క చెప్పలేదు. నేను కూడా కూర్చుంటాను. బుద్ధెరిగాక నేను ఒక చోట కుదురుగా కూర్చోవడం ఇదే మొదలు. ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, లేకపోతే చెబుతుంటే నేను లేచి వెళ్లిపోయి ఉంటాను.

అక్క ఇంకా సగం దూరంలోనే ఉంది. ఆ ఒక్క మాటకే చాలా తెలుపు ఖర్చయింది, ఆమె ముందున్నది అయిపోవస్తోంది. బీరువాలో ఒక్క మడత కూడా మిగల్లేదు.

నేను ఊపిరి వదులుతాను. అది నా నోట్లోంచి తెల్లగా, మడతపెట్టి వచ్చి ఒళ్లో పడుతుంది. మళ్లీ వదులుతాను, ఇంకోటి పడుతుంది. కొండ మెడ చాపి, పెదాలతో దాన్ని మెత్తగా అందుకుని బాల్కనీ వైపు తిరుగుతుంది. బొటనవేలు ఇంట్లోకి వంగి, దాన్ని గోటితో జాగ్రత్తగా విప్పి, అక్క పాదాల ముందు పరుస్తుంది. అక్క దాని మీద అడుగు వేస్తుంది. తల పక్కన ఇంకో బుడగ ఊరడం మొదలవుతుంది. అందులో ఉన్నది నా పేరేమో. ఇంకా తెలీదు. నేను ఊపిరి వదులుతున్నాను, కొండ అందిస్తోంది, వేలు పరుస్తోంది.