రిమ్మా సరిచూసిన అడవి

రిమ్మా లగునోవా ఎడమ చీలమండకు పట్టీ చుడుతూ, మడత పడిన చోట విప్పి మళ్ళీ చుట్టింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. సన్నటి పిక్కల నిండా ముళ్ళు గీరిన పాత మచ్చలు. రొట్టెల కర్మాగారంలో షిఫ్టు మార్చుకుని, మొదటి రైలుకే ఈ యురల్ అడవికి వచ్చింది. మ్యాపు పట్టుకుని, అడవిలో అక్కడక్కడా కట్టిన జెండాలను వరసగా వెతుక్కుంటూ పరుగెత్తడం ఇరవై ఏళ్ళుగా ఆమె ఆట. జాతీయ జట్టుతో రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ అదనపు మనిషిగానే. ఈరోజు ఎంపిక పోటీ. ఇదే తన ఆఖరి అవకాశమని ఆమెకు తెలుసు. కోచ్ ఆర్కాదీ ల్వోవిచ్‌కూ తెలుసు.

నంబర్లిచ్చే బల్ల దగ్గర ముసలి జడ్జి జాబితా రెండుసార్లు వెతికాడు.

"నీ పేరు కొట్టేశారమ్మా. ఈ మ్యాపు పనిలో నువ్వున్నావటగా. అడవి ముందే చూసినవాళ్ళు పరుగెత్తకూడదు కదా."

"ఎవరు చెప్పారు?"

ఆయన కాగితం ఇటు తిప్పాడు. కింద ఆర్కాదీ సంతకం.

ఏప్రిల్లో, మంచు కరుగుతుండగా, అతనే ఫోన్ చేశాడు. "మ్యాపు గీసేవాడికి జ్వరం. క్లబ్బు పిల్లల పోటీకి మ్యాపు కావాలి. రెండ్రోజులు ఆ గుంటలూ బండలూ సరిచూసి పెట్టు తల్లీ" అన్నాడు. మోకాలి లోతు చన్నీళ్ళలో నడిచి ఈ అడవంతా సరిచూసి పెట్టింది.

రిమ్మా వెళ్ళేసరికి ఆర్కాదీ కారు దగ్గర టీ తాగుతున్నాడు.

"పిల్లల పోటీ అన్నారు."

"అప్పుడలాగే అనుకున్నాం. తర్వాత మారింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకుంటావా నువ్వు?" కప్పులోకి చూస్తూ అన్నాడు. "మన స్నెజానా కూడా పరుగెత్తుతోంది. దానికి పంతొమ్మిదేళ్ళు, రిమ్మా. నీకెన్నో నువ్వే చెప్పు. పోటీ అయ్యాక జెండాలు ఏరుకొస్తావా? అవెక్కడున్నాయో నీకంటే ఎవరికి తెలుసు?"

పదహారేళ్ళప్పుడు చిత్తడిలో కాలు బెణికితే, నాలుగు కిలోమీటర్లు వీపున మోసుకొచ్చింది ఈ మనిషే. తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

స్నెజానా నంబరు కట్టుకుంటూ వచ్చింది. "అక్కా, మీరు పరుగెత్తట్లేదా! అయితే చెప్పరూ, ఆ పెద్ద చిత్తడిని ఎటునుంచి చుట్టాలి?"

కుడివైపు పాత దుంగల బాట ఉందని ఆమెకు తెలుసు.

"మ్యాపు చూసుకో" అంది రిమ్మా.

మధ్యాహ్నం పోటీ అయ్యాక ఖాళీ సంచీ వీపున తగిలించుకుని అడవిలోకి దిగింది. మొదటి జెండా దాకా నడిచింది. రెండోదానికి పరుగు అందుకుంది. తర్వాత ఆగలేదు. దోమలు ముసిరినా, సంచీ బరువు పెరుగుతున్నా, బాటమీద దుంగలు కాలికింద దొర్లుతున్నా, జెండా తర్వాత జెండా విప్పుకుంటూ, ఒళ్ళంతా చెమటతో, ఉన్న శక్తంతా పెట్టి పరుగెత్తింది. గడియారం పట్టుకుని చూసేవాళ్ళెవరూ లేరు.

ఆమె వచ్చేసరికి స్నెజానా చుట్టూ ఫోటోలు తీస్తున్నారు. సంచీ కారు పక్కన పెట్టింది.

"అప్పుడే వచ్చేశావే!" అన్నాడు ఆర్కాదీ.

రిమ్మా బూట్లు విప్పింది. మొద్దు మీద కూర్చుని, మామూలు చెప్పులు తొడుక్కుని, స్టేషన్ దారి పట్టింది.

"రేపు ఆరింటికి ప్రాక్టీసు, మరిచిపోకు!" వెనకనుంచి కేక వేశాడు.

ఆమె తిరిగి చూడలేదు. కాసేపటికి చెట్ల అవతల రైలు కూత వినిపించింది.

మొద్దు పక్కన గడ్డిలో అడవి పరుగుకు తొడిగే ఆమె ఇనప ముళ్ళ బూట్లు జతగా పెట్టి ఉన్నాయి. వాటిలోంచి చిత్తడి నీళ్ళు ఇంకా మెల్లగా కారుతున్నాయి.