తుమికి జిగురు వాసన

పెళ్ళయిన నాలుగో నెలలోనే మాలివన్‌కి పెద్దపేగులో గడ్డ బయటపడింది. డాక్టర్లు గడ్డ తీసేసి, మలం బయటికి రావడానికి పొట్ట మీద ఎడమపక్క చిన్న రంధ్రం పెట్టి, దానికో సంచి తగిలించి ఇంటికి పంపారు. ప్రాణం దక్కింది. సిగ్గు మాత్రం అంటుకుంది.

అంతకుముందు మొగుడు తవీ కాగితపు గొడుగుల కార్ఖానా నుంచి రాగానే ఆమె చెంపకు ముక్కు ఆనించి గుండెల నిండా పీల్చేవాడు. వాళ్ళ ఊళ్ళో ముద్దంటే అదే. "అబ్బ, ఇవాళ జిగురన్నం వాసనొస్తున్నావే!" అనేవాడు. ఒకరోజు కొబ్బరిపాలు, ఒకరోజు వేయించిన వెల్లుల్లి, ఇంకోరోజు ఉత్త ఎండ. ఇవాళ ఏమంటాడోనని ఆమె మధ్యాహ్నం నుంచే తనలో తను నవ్వుకునేది.

ఇప్పుడు ఆ ముక్కంటేనే భయం. "ఆరు నెలలు దగ్గరికి రావద్దంది డాక్టరమ్మ" అని చెప్పి చాప వేరుగా వేసుకుంది. డాక్టరమ్మ చెప్పింది రెండు నెలలే. అబద్ధం చెప్పి ఇప్పటికి నాలుగు నెలలు కావస్తోంది.

ఆదివారం సాయంత్రాలు ఆరోగ్య కేంద్రం వెనక రేకుల పాకలో ఆపరేషన్లయిన ఆడవాళ్ళు ఆరుగురు కలిసి ఒకే గొడుగుకు రంగులు వేసేవారు. చిన్న గొడుగు కాదు, విప్పితే దాని కింద పెళ్ళిపీటలు వేయొచ్చు. నడిపించేది కమ్‌నోయ్ అవ్వ. యాభై ఏళ్ళుగా గొడుగుల మీద పువ్వులు పూయించిన చెయ్యి ఆమెది. ఎవరి ముందున్న భాగానికి వాళ్ళు కాసేపు రంగు వేయాలి. అవ్వ "తిప్పండే!" అనగానే గొడుగు తిరుగుతుంది. ఒకరు మొదలుపెట్టిన కలువకు పక్కామె రేకులు వేస్తుంది. ఇది నా పువ్వు అనడానికి ఎవరికీ వీల్లేదు.

మాలివన్‌కి ఆ తిరగడం చాలా ఇష్టం. తను వదిలేసిన మొగ్గ ఒక చుట్టు తిరిగి విచ్చుకుని వస్తుంటే చప్పట్లు కొట్టాలనిపించేది. అయినా గాలి బయటికి పోయే వైపే, అందరికీ మూరెడు దూరంగా స్టూలు వేసుకునేది. తనకు తీసింది అపెండిక్స్ అని వాళ్ళకు చెప్పింది.

"ఏమే, ఆ స్టూలు ఇంకాస్త జరిపితే రోడ్డు మీద పడతావు" అంది పెన్‌సీ. రొమ్ము తీసేశాక రవికలో దూది కుక్కుకుని, ఆ దూది జారినప్పుడల్లా అందరికంటే ముందు తనే నవ్వే మనిషి ఆమె.

"అపెండిక్స్ కుట్లక్కా. వంగితే లాగుతున్నాయి."

"నాలుగు నెలలు లాగే అపెండిక్సా? నీలోంచి తీశారా, బర్రెలోంచి తీశారా?"

అందరూ నవ్వారు. మాలివన్ కూడా నవ్వి, సంచి చూసుకోవడానికి మూడోసారి బాత్రూముకు పోయింది. ఆమె లోపలుండగా గొడుగు అంచున కాగితం చిరిగింది. మాలివన్‌ని దింపి బయట మోటారుసైకిల్ మీద కునుకు తీస్తున్న తవీని లేపి, జిగురు పట్రమ్మని కార్ఖానాకు పంపింది అవ్వ.

మాలివన్ తిరిగొచ్చి కుంచె తీసుకుంది. రెండుసార్లు గొడుగు తిరిగింది. మూడోసారి తిరుగుతుండగా వచ్చింది వాసన. కుళ్ళిన పండూ, పాచినీళ్ళూ కలిసినట్టు కంపు. అందరి ముక్కులూ తన వైపే తిరిగినట్టనిపించింది. లేచి నిలబడి, పొట్ట మీద చెయ్యి అదుముకుంది.

"నాదే. క్షమించండి. అపెండిక్స్ కాదు నాది. సంచి పెట్టారు. అది కారినట్టుంది. వెళ్ళిపోతాను. ఇంకెప్పుడూ రాను."

బయటికి పోదామని వెనక్కి తిరిగింది. గుమ్మంలో తవీ నిలబడి ఉన్నాడు. చేతుల్లో మూత తీసిన కుండ.

పచ్చి తుమికికాయలు దంచి, నెలల తరబడి మురగబెట్టిన జిగురు. ఆ ఊళ్ళో చంటిపిల్ల కూడా కళ్ళు మూసుకుని ఆ కంపేమిటో చెబుతుంది. మాలివన్ తండ్రి బతుకంతా ఆ కుండ పక్కనే గడిచింది. అలాంటి వాసన తన ఒంటిదనుకుంది.

ఎవరో కిసుక్కున నవ్వబోతే పెన్‌సీ మోచేత్తో పొడిచింది.

"ఓసి పిచ్చిదానా" అంది అవ్వ, తాంబూలంలా నములుతున్న పులియబెట్టిన తేయాకు బుగ్గన పెట్టుకుని. "నాకూ సంచే. తొమ్మిదేళ్ళయింది. ఐదు వారాలుగా నీకు మూరెడు దూరంలోనే కూర్చుంటున్నానే, ఎప్పుడైనా కంపు కొట్టానా?"

"లేదవ్వా."

"మరి? నీదేమైనా ప్రత్యేకం పేగా? రెండు నెలలకే డాక్టరమ్మ ఇక మొగుడి పక్కన పడుకో అంటే మా ముసలాయన సిగ్గుతో రెండ్రోజులు పొలంలోనే ఉండిపోయాడు. నీకూ ఆవిడేగా చూసింది? అంతే చెప్పుంటుందిగా?"

మాలివన్ తల ఎత్తలేదు. తవీ కుండను మెల్లగా కింద పెట్టి బయటికి నడిచాడు.

కాసేపటికి ఆమె వెళ్ళేసరికి బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఆరు నెలలన్నావు."

"అబద్ధమాడాను."

అతను చేతికంటిన జిగురును గోటితో గీకాడు.

"నువ్వు ఆరు నెలలనగానే నాకు హాయిగా అనిపించింది మాలీ. ఆ సంచి చూడకుండా ఇంకొన్నాళ్ళు గడుస్తుందిలే అనుకున్నా. చెప్పడానికి నోరు రావట్లేదు, కానీ నిజం."

ఆమె గుండెలో ముల్లు దిగినట్టయింది. ఇన్నాళ్ళూ అతని నుంచి తను దాక్కుంటున్నాననుకుంది. అతనూ దాక్కున్నాడు.

"చూస్తే పారిపోతావా?"

"తెలీదు. చూడలేదుగా."

"పారిపోనని చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు. అదీ ఇంకో అబద్ధం అవుతుందేమో."

లోపల్నుంచి అవ్వ కేక వినిపించింది. "కొత్త జంటా! మీ సరసాలకి జిగురాగదు, ఆరిపోతోంది!"

ఇద్దరూ కదల్లేదు. మాలివన్ చెంపలు మండుతున్నాయి.

"పొద్దున సంచి మారుస్తాను. గోరువెచ్చని నీళ్ళూ మెత్తటి గుడ్డా నువ్వే తెచ్చి, పక్కన నిలబడాలి. ముక్కు మూసుకోకూడదు."

"కళ్ళు?"

"కళ్ళసలే మూయకూడదు."

అతను తలూపాడు. "ఎన్నింటికి?"

"ఆరున్నరకి" అంది, ఇంకా అతని మొహం చూడలేక బండి చక్రం వైపు చూస్తూ.