గుమ్మం దాకా నేస్తరికం

సోములమ్మ చెంగుతో కంప్యూటరు తెర తుడుస్తోంది. అరకు సంతరోజున జీపులు లేపే ఎర్రదుమ్ము తలుపులు మూసినా ఆగదు. పొట్టి మనిషి, కుర్చీలో దిండు వేసుకుంటే తప్ప కీబోర్డు అందదు. ముక్కుకి మూడు పోగులు, వేళ్ళకి పసుపు మరక. కాఫీ రైతుల సంఘం ఆఫీసులో ఉత్తరాలు కొట్టడం ఆమె పని. దాని గురించి ఊళ్ళో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఆమె కూడా చెప్పుకోదు.

ఆ లావుపాటి పాత కంప్యూటర్లలో ఉన్నది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. సాలూరు కిరాణా కొట్టువారి అమ్మాయి రత్నాలు ఇక్కడ పనిచేసిన రోజుల్లో, ఇద్దరూ కూర్చుని మెనూలో ఇంగ్లీషు మాటలు తీసేసి సోములమ్మ కొండభాష మాటలు పెట్టారు. 'సేవ్' దగ్గర చాలా తన్నుకులాడారు. చివరికి విత్తనాల మూటని పొయ్యి మీద పొగ తగిలేలా కట్టడానికి కొండవాళ్ళు వాడే మాట పెట్టేశారు. రత్నాలు పకపకా నవ్వింది.

"ఇంక మన ఉత్తరాలకి పురుగు పట్టదే గుంటా!"

ఆ తర్వాతి వానాకాలం జ్వరం రత్నాలుని తీసుకుపోయింది. ఆ మాట నొక్కినప్పుడల్లా సోములమ్మకి ఆ నవ్వు వినిపిస్తుంది. అందుకే అవసరం లేకపోయినా నొక్కుతుంది.

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త కంప్యూటర్లు ఊరికే ఇచ్చి, పాతవి పట్టుకుపోతుందట. వెంట వచ్చిన కంపెనీ కుర్రాడు తేజ మర్యాదస్తుడు. పాత తెర మీది మాటలు చూసి ముచ్చటపడ్డాడు.

"ఓపెన్ సోర్స్‌కి మా కంపెనీ నేస్తమేనండీ," అన్నాడు.

సోములమ్మ ముఖం విప్పారింది. వాళ్ళ ఊళ్ళో నేస్తం కట్టారంటే, ఒకరి వంటింట్లోకి ఒకరు అడక్కుండా వెళ్ళి కుండ మూత తియ్యొచ్చు. రత్నాలు అలాగే వచ్చి అంబలి ముంచుకు తాగేది.

"అయితే బాబూ, ఈ కొత్తవాట్లోనూ మా మాటలెట్టుకోవచ్చా?"

"రాసివ్వండి, పైకి పంపుతాను. వాళ్ళు ఒప్పుకుంటే పెడతారు."

"మేం ఎట్టుకోకూడదేటి?"

"లోపల చెయ్యి పెట్టడం కుదరదండీ." తేజ ఇబ్బందిపడ్డాడు. "మావి కొన్ని ప్రోగ్రాములు నిజంగానే అందరికీ తెరిచిచ్చాం. ఇది మాత్రం ఇవ్వలేదు."

సోములమ్మకి కోపం రాలేదు, దిగులేసింది. "మీరు మా వంటింటికొచ్చి కుండ సూసినారు, బాగుందన్నారు. మమ్మల్నేమో గుమ్మం కాడే నిలబెట్టినారు. ఇదేటి నేస్తరికం బాబూ?"



ఆమె పక్కనే నిలబడ్డ సంఘం పెద్ద ధనరాజు వైపు తిరిగింది. "ఒక్కటుంచెయ్యండి, బాబూ."

"అన్నీ ఇచ్చేత్తేనే కొత్తవిత్తారంట. ఒప్పేసుకున్నాను గదమ్మా. బేగి కానీ, ఆళ్ళు ఘాటురోడ్డు దిగాల."

సోములమ్మ ఆఖరిసారి ఆ మాట నొక్కి, తనే ప్లగ్గు పీకింది. వ్యాను వెళ్ళిపోయింది.

సాయంత్రం కొత్త తెర ముందు కూర్చుంది. 'సేవ్' అని ఉంది. నొక్కింది. ఏమీ వినపడలేదు. రత్నాలు ఇప్పుడే పోయినట్టు ఏడుపొచ్చింది.

కాసేపటికి లేచి గది ఊడుస్తుంటే బల్ల వెనక పాత మౌసొకటి దొరికింది. వైరు దేనికీ తగిలించి లేదు. వీపు మీద రత్నాలు ఎప్పుడో అంటించిన ఎర్ర బొట్టుబిళ్ళ మాత్రం ఇంకా ఊడలేదు.