కళ్లం లేని మిరపకాయలు

ఎర్రగుంటపాలెం నరసరావుపేట మున్సిపాలిటీలో కలిసిన రోజున ఊరంతా లడ్లు పంచుకుంది. పేట జిల్లా కేంద్రమైంది, ఇక మనమూ టౌనోళ్లమేనని పున్నమ్మ కూడా ఓ లడ్డు తిన్నది. ఊరి పేరు పోయి వార్డు నంబరు వచ్చింది. ఆ వెనకే చేలన్నీ ప్లాట్లయ్యాయి, కాయలు ఆరబోసుకునే కళ్లాలు కూడా హద్దురాళ్లు పాతించుకుని అమ్ముడుపోయాయి. టౌనుకి కారం తినడం తెలుసు గానీ, మిరపకాయ ఎక్కడో ఒకచోట ఎండాలన్న సంగతి దానికి పట్టదు.

పున్నమ్మ మాత్రం సేద్యం వదల్లేదు. మొగుడు పోయాక బైపాసు అవతల చేను కౌలుకి తీసుకుని మిరప వేసింది. తెగుళ్లన్నీ దాటుకుని ఈ ఏడు కాపు నిలబడింది. కోసిన కాయని, వేరే దారి లేక, పెద్ద అపార్ట్‌మెంటు ముందున్న ఖాళీ స్థలంలో పట్టా పరిచి ఎండేసింది. ఈ కాయ అమ్మితేనే కౌలు కట్టగలదు. కట్టకపోతే వచ్చే ఏడు చేను ఉండదు, చేను లేకపోతే ఆమెకి ఇంకేమీ లేదు.

మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. కోటప్పకొండ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఎండుతున్న కాయ తడిసిందంటే రంగు పోయి తాలవుతుంది, దాన్ని అడిగేవాడుండడు. పైన కప్పుదామంటే గాలికి ఇంకో పట్టా నిలవడం లేదు, పైగా అది నీళ్లు నిలిచే పల్లపు నేల. అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి పున్నమ్మ పరిగెత్తింది.

ఆ గేటు కాసేది ఆమె మరిది కృపాదానం. అపార్ట్‌మెంటు లేచిందే వాళ్ల ఉమ్మడి కళ్లం మీద. అన్నదమ్ములిద్దరూ సంబరంగా సంతకాలు పెట్టి అమ్ముకున్నారు. ఆ డబ్బు ఎటు పోయిందో పోయింది, కృపాదానానికి వాచ్‌మన్ యూనిఫాం మిగిలింది. కార్లు పెట్టే సెల్లారు సగం ఖాళీగా ఉంది. వాన వెలిసేదాకా అందులో చోటివ్వమని పున్నమ్మ ప్రాధేయపడింది. ఉద్యోగం పోతుందని అతను నసిగాడు. తన కూతురు నిస్సీ చదువు గుర్తు చేశాడు. చివరికి ఆమె మొహం చూడలేక గేటు తీశాడు. ఇద్దరూ కలిసి కాయంతా లోపలికి ఈడ్చారు, బయట వాన మొదలైంది.

మూసుకున్న చోట మిరప ఘాటు ఊరుకుంటుందా? లిఫ్టు సందుల్లోంచి పై అంతస్తులకెక్కింది. ఇంటింటా దగ్గులు. అసోసియేషన్ ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగొచ్చాడు. ఆయన భార్య ఉబ్బసం మనిషి. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది.

"మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ పైన మా ఆవిడకి ఊపిరాడటం లేదు. వీటిని మీ ఊరికి తీసుకెళ్లి ఎండబెట్టుకోండి."

"ఇదేనయ్యా మా ఊరు," అంది పున్నమ్మ. "ఈ లిఫ్టు ఉన్న కాడే మేం కాయ పోసేవాళ్లం. ఇంకేడికి పొమ్మంటారు? ఇడుగో మా మరిది, అడగండి, చెప్తాడు."

ఆయన నిజంగానే కృపాదానం వైపు తిరిగాడు. ఔనని ఒక్క మాట అంటే ఆయన కాసేపు ఆలోచించేవాడేమో. కృపాదానం టోపీ సర్దుకున్నాడు.

"ఈమె ఎవరో నాకు తెలవదు సార్. వానకి పరిగెత్తుకొస్తే జాలిపడి తీశా."

పైనుంచి ఆ ఇల్లాలి దగ్గు తెరిపి లేకుండా వినబడుతూనే ఉంది. ఒకరి ప్రాణం పోతుంటే కాయలకి కాపలా కాసే కసాయితనం పున్నమ్మకి లేదు. వంగి పట్టా కొస తానే పట్టుకుంది. రెండో కొస కృపాదానం పట్టాడు. జోరువానలో, పారే నీళ్లలో ఏడాది కష్టాన్ని దించారు. చూస్తుండగానే కాయలు పట్టా మీంచి జారి కాలవలోకి కొట్టుకుపోసాగాయి.

పున్నమ్మ వెనక్కొచ్చి గేటు ఊచలు పట్టుకుని మరిది మొహంలోకి చూసింది. అతను అప్పటికే లోపలికి పోయాడు. సార్‌కి వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"వదినా, చేతులు తియ్యి. గేటు ఏసుకోవాల."

ఆమె చేతులు తీసింది.